అద్దకపు అచ్చు - అంచుల పొందిక



ఘాజియాబాదునుండి హాపూరునకు పోవు మార్గమున పిల్ఖువా పట్టణము కలదు. 2011 వరకు అది ఘాజియాబాదు జిల్లాలోనిదే. నేడు హాపూరు జిల్లాలోనిది. కొయ్య అచ్చులతో దుప్పట్లపై చేయు అద్దకమునకు ఆ యూరు ప్రసిద్ధము. తెలుగువారికిది క్రొత్తవిద్య కాదు. బందరు చేరువనున్న పెడనలో టేకుచెక్కపై చెక్కిన అచ్చులతోనే కలంకారీ అద్దుదురు. పేరున కలమున్నను, కలము పట్టువారు శ్రీకాళహస్తివారు!

ఈ పనిలో కష్టమంతయు పువ్వునందు లేదు, అంచునందున్నది. కుడియంచున తెగిన తీగె ఎడమయంచున అదే ఎత్తున మొదలుకావలెను. అందులకొక ఉపాయము కలదు: కాగితముపై నడుమ బొమ్మ గీసి, కాగితమును నిలువుగా రెండుగా కోసి, ముక్కలను తారుమారుచేసి అతికించి, ఇప్పుడు నడుమ మిగిలిన ఖాళీని నింపవలెను. పాత నడిమికోతయే క్రొత్త అంచులగును గనుక అవి తప్పక కలియును. అడ్డముగను ఇట్లే చేయవలెను. పిదప ఆ బొమ్మను చెక్కపై తిరగవేసి చెక్కుదురు.

అయిదంగుళముల అచ్చుతో అయిదున్నర మీటర్ల చీర పొడవున ఒక వరుసకే 43 మార్లు అద్దవలెను. అచ్చునందలి పొందిక అంగుళములో పదునారవవంతు తప్పినచో వరుస చివరకు రెండున్నర అంగుళములకు పైగా ప్రక్కకు తొలగును. రంగు రంగునకు వేరచ్చు. అన్నియు ఒకదానిపై నొకటి కూడవలెను.

స్క్రీను అద్దకము చౌక, త్వరితము. చేతి అచ్చు గుడ్డ కొనువారు అతుకులు వెదకుట మంచిది: అచ్చుకు అచ్చు తగిలినచోట వెంట్రుకవాసి ఎడమో, రంగు చిక్కదనమో కనబడును.