కట్టడాల చట్టం: కోర్టు నుంచి తరగతికి

నిర్మాణ రంగానికంతటికీ ఒకే చట్టమంటూ లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1996 మధ్యవర్తిత్వ చట్టం, 2016లో వచ్చిన స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా), ఇలా ఎన్నో కలిపి చదవాలి. అందుకే కేసులు నడిపిన న్యాయవాదులు చెప్పే పాఠానికి విలువ ఎక్కువ. ప్రాక్టీసు చేస్తూనే రోజుకు మూడు గంటలకు మించకుండా న్యాయశాస్త్రం బోధించేందుకు న్యాయవాదులకు అడ్వొకేట్ల చట్టం కింద వచ్చిన 1979 నిబంధనలు వీలిచ్చాయి.

హైదరాబాద్–విజయవాడ హైవే మీదున్న కోదాడ వంటి పట్టణంలో ఈ పాఠం లా విద్యార్థులకన్నా ఇంజనీర్లకు, మేస్త్రీలకే ఎక్కువ అవసరం. కొన్న ఫ్లాటులో స్లాబు పగిలిందనుకుందాం. స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపాన్ని బిల్డరు దృష్టికి తెస్తే, 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలంటుంది రెరా 14వ సెక్షన్. అయితే ఇది కట్టి అమ్మేవారికే. సొంత జాగాలో మేస్త్రీకి గుత్తకిచ్చి కట్టించుకున్న ఇంటికి ఆ రక్షణ లేదు. అక్కడ కాంట్రాక్టు చట్టం, వినియోగదారుల రక్షణ చట్టమే దిక్కు. నోటిమాట ఒప్పందమూ చెల్లుతుంది గానీ, రుజువు చేయడమే గగనం. కొలతల పుస్తకం, సైటు రిజిస్టరు, సంతకాలున్న బిల్లులు: అనుభవమున్న వకీలు ముందుగా అడిగేవి ఇవే. పునాది తవ్వకముందే రేటు, గడువు, సామాను నాణ్యత కాగితం మీద రాసుకోండి.