జాడ యెఱిఁగినవాఁడే వేఁటకాఁడు

(వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



నిన్నటినుండి యీ సభలో విద్యార్థివసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, ఉద్యోగములను గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. నిర్వాహకులు మాకు 'మన పూర్వుల వృత్తి' యను విషయము నొసఁగిరి. బోయవారి పూర్వుల వృత్తి యనఁగా వేఁట. ఆ మాట వినఁగానే మనలోఁ గొందఱు మీసము దువ్వుదురు, కొందఱు తల వంచుకొందురు. మాకు రెండును సమ్మతములు కావు. మీసము దువ్వువారు వేఁటలోఁ జంపుటను మాత్రమే చూచుచున్నారు. తల వంచుకొనువారును దానినే చూచుచున్నారు. చంపుట యొక క్షణము. దానికి ముందు వెదకుట పెక్కు దినములు. లేడి యెక్కడ మేయును, ఎక్కడ నీరు త్రావును, ఏ త్రోవను వచ్చును, ఏ వేళకు వచ్చును అని విల్లు పట్టకముందే తెలిసికొను విద్య మనవారి సొత్తు. చట్టము విల్లును మన చేతినుండి తీసికొన్నది. అది న్యాయమే. కాని విల్లుతోపాటు ఆ విద్యయుఁ బోవుచున్నది. దానిని బోనీయరాదని చెప్పుటకే మేము మీ యెదుట నిలిచితిమి.

మొదట మాటను విచారింతము. సంస్కృతమున మృగ ధాతువునకు వెదకుట యని యర్థము. వెదకఁబడునది గనుక మృగము. ఆ వెదకుటయే మృగయ. మార్గణ శబ్దమునకు బాణ మనియు, యాచకుఁ డనియు, అన్వేషణ మనియు నర్థములు గలవు. ఇంత కుటుంబములో చంపుట యను నర్థము ధాతువునం దెక్కడను లేదు. మేము ముప్పదియేండ్లకుఁ బైగా బడిలో అమరకోశము చెప్పితిమి. కృష్ణసారము, రురువు, శంబరము, పృషతము అని మృగముల పేళ్లను పిల్లలచేత వల్లె వేయించునప్పుడెల్ల మా పెదతాత మాకు జ్ఞప్తికి వచ్చుచుండెను. ఆయనకు అక్షరము రాదు. కాని ఇఱ్ఱి యడుగేది, కణితి యడుగేది, దుప్పి యడుగేది యని నేల చూచి చెప్పెడివాఁడు. నిఘంటువు పేరు చెప్పును. పేరుగల ప్రాణిని చూపువాఁడు వేఱొకఁడు కావలయును.

ఈ విద్య విలుకానికే యింతగా నేల యలవడినదో చూడుఁడు. తుపాకి గలవాఁడు దూరమును లెక్కచేయఁడు. వెదురువిల్లు పట్టినవానికి లేడి ముప్పది నలువది యడుగుల దాపునకు రావలయును. దాని ముక్కు, చెవి మనకంటె మిక్కిలి చుఱుకైనవి. వెంటఁబడి దానిని చేరుట కలలోని మాట. అది వచ్చు చోటు ముందుగాఁ దెలిసికొని, గాలి తన మొగమునకుఁ గొట్టునట్లు మాటు వేసికొని, కదలక కూర్చుండుట యొక్కటే యుపాయము. ఆ చోటు తెలియుటకు నాలుగైదు దినములు ఊరక తిరుగవలయును. మా పెదతాత మొదటి మూఁడునాళ్లు విల్లు ముట్టెడివాఁడు కాఁడు. విల్లు చేత నున్నచోఁ గన్ను తొందరపడునని యాయన మాట.

కాలమును గూడ నెఱుఁగవలయును. నల్లమల మొదలగు మన కొండలలోనివి చాలవఱకు ఆకు రాల్చు నడవులు. వానకాలమున మేఁతయు నీరును ఎల్లెడలఁ గలవు గనుక లేళ్లు చెదరి యుండును. మాఘము దాఁటినపిదప వాఁగులు ఎండి, నీరు కొన్ని మడుగులకును చెలమలకును చేరును. ఫాల్గుణ చైత్రములందు ఇప్పపూవు తెల్లవాఱుజామున రాలును. దానికై లేళ్లు చెట్ల క్రిందికి వచ్చును. ఆకులు లేని యడవిలోఁ జూపు దూరము పోవును, మెత్తని దుమ్ములో అడుగు స్పష్టముగాఁ బడును. విశాఖ మన్యమునఁ జైత్రమాసమందు ఇటుకల పండుగకు వేఁటకుఁ బోవు నాచార మేర్పడుట యీ కారణముచేతనే యని మా తలంపు. దేవతలకును వేఁట గలదు. తిరుమలయందుఁ గనుమనాఁడు పారువేఁట జరుగును. అహోబిలేశ్వరుఁడు ఇంచుమించు నలువదినాళ్లు ఊరూరను పారువేఁట సాగించును.

ఇఁక నేలమీఁది యక్షరములు. దుప్పి డెక్క రెండు చీలికలై ముందువైపు కోసుగా నుండును. కణితి యడుగు దానికంటెఁ బెద్దది. అడవిపంది యడుగు మొనలు మొద్దుగా నుండును, వెనుకప్రక్కలను చిన్నగిట్టల గుఱుతులును పడును. నెమ్మదిగా నడచిన లేడి వెనుకకాలు ముందుకాలి యడుగునందో, దాని దాపుననో పడును. బెదరి పఱుగెత్తినచోఁ జీలికలు విచ్చుకొనును, మన్ను వెనుకకుఁ జిమ్మఁబడును. అడుగు అంచు వాడిగా నున్నచోఁ గ్రొత్తది, రాలి గుండ్రనైనచోఁ బాతది. దానిపైఁ బురుగు ప్రాఁకిన గీఁత యున్నచో ఆ లేడి పోయి చాల సేపైనది. త్రోవకడ్డముగా సాలెగూడు చెదరక యున్నచో, ఆ గూడు అల్లినపిదప ఆ త్రోవను ఏదియు రాలేదు. పెంటికలు నిగనిగలాడుచు మెత్తగా నున్నచోఁ దడవు కాలేదు, ఎండి తేలికపడినచోఁ దడవైనది.

చెట్లును చెప్పును. మగదుప్పికిని, మగకణితికిని కొమ్ములు రాలి మరల మొలచును. క్రొత్తకొమ్ముమీఁద మొదట నూఁగుతోలు ఉండును. కొమ్ము ముదిరినపుడు దానిని లేఁతచెట్ల బోదెలకు రాచి యూడఁదీసికొనును. బెరడు లేచిన యెత్తును జూచి యది దుప్పియో కణితియో యూహింపవచ్చును. కృష్ణమృగము కొమ్ము అట్లు రాలదు. బ్రతికినంతకాలము దాని తలపై నుండును. రాలినకొమ్మును జూచి యిఱ్ఱిని వెదకుచుఁ బోవువాఁడు ఎన్నఁటికిని దానిని గానఁడు.

గాలి సంగతి సూక్ష్మమైనది. కొండవాలున ప్రొద్దెక్కినకొలఁది గాలి పైకిఁ బోవును, ప్రొద్దు గ్రుంకినపిదపఁ జల్లబడి క్రిందికి దిగును. ఉదయమున మంచిదైన మాటు సాయంకాలమునకుఁ బనికిరాదు. చిటికెఁడు దుమ్ము ఎగురవేసి చూచుట యిందుకే. కొండముచ్చులు చెట్లపై మేయుచు రాల్చిన యాకులకై దుప్పులు క్రిందఁ జేరును. చెట్టుమీఁది కన్నును నేలమీఁది ముక్కును ఒండొంటికి కావలి. ఆ రెంటిలో నొకటి యఱచినచో రెండవది నిలుచును. కూర్చున్న మనుష్యునకు ఆ యఱపు ఒక వార్త.

ఇట్లు చూచువానికి లేడి యొక్కటియే కనఁబడదు. పెద్దయడుగు వెంటఁ జిన్నయడుగు గలదా యని కూడఁ గనఁబడును. పిల్లగల తల్లిని మా యింటివారు కొట్టెడివారు కారు. ఏటు తిన్న లేడిని వెంబడించి కనుఁగొనలేని చోట బాణము విడుచుట తప్పని మాకు నేర్పిరి. ఈ నియమములు పుస్తకమునుండి వచ్చినవి కావు, చూచుటనుండి వచ్చినవి.

చూడక కొట్టినవారి గతి యేమైనదో మన యితిహాసములు చెప్పుచున్నవి. దశరథుఁడు వానకాలపు రాత్రి సరయూతీరమునఁ గుండలో నీరు నిండు చప్పుడు విని, యేనుఁగు నీరు త్రావుచున్నదని తలఁచి బాణము వేసెను. చచ్చినవాఁడు మునికుమారుఁడు. పాండురాజు కూడియున్న లేళ్లజంటపై బాణములు వేసెను. మృగరూపమున నున్నవాఁడు కిందమమహర్షి. జర యను వ్యాధుఁడు శయనించియున్న శ్రీకృష్ణుని జూచి లేడి యని భ్రమించి యరికాలఁ గొట్టెను. మువ్వురిలో నెవ్వరికిని గుఱి తప్పలేదు. మువ్వురి బాణములును నాటినవి. గుఱికి ముందుండవలసిన చూపు లోపించినది. శబ్దవేధి యని దశరథునకుఁ గీర్తి గలదు. చప్పుడు వినఁగానే బాణము విడుచువానిని మా పెదతాత వేఁటకాఁడని యొప్పుకొనెడివాఁడు కాఁడు. దుష్యంతుఁడు అదృష్టవంతుఁడు. ఆశ్రమపు లేడిపై నెక్కుపెట్టిన బాణమును తపస్వులు వారింపఁగా దింపెను. ఆ బాణము దిగినందుననే శాకుంతలకథ నడచినది.

మనము వాల్మీకిమహర్షిని గులగురువుగాఁ దలఁచువారము. క్రౌంచపక్షుల జంటలో నొకదానిని నిషాదుఁడు గొట్టఁగా ఆయన శోకము శ్లోకమైనదని యెల్ల రెఱుఁగుదురు. విల్లు పట్టినవాఁడును మనవాఁడే, ఆ యేటును నిందించినవాఁడును మనవాఁడే. ఈ యిద్దఱిని గౌరవించుట యెట్లు? కొట్టువాని చేతిని విడిచి, చూచువాని కన్నును నిలుపుకొనుటయే మార్గమని మాకుఁ దోఁచుచున్నది.

నేఁటి సంగతి చూతము. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణచట్టము వేఁటను నిషేధించినది. 1991లో దానిని సవరించి యింకను గట్టిచేసిరి. ఆ చట్టమున ఆయుధ మను మాటలో విల్లంబులును జేరియున్నవి. వల పన్నుటయు, ఉచ్చు వేయుటయు వేఁటయే యని యందుఁ గలదు. కృష్ణజింక ఆంధ్రప్రదేశమునకును, దుప్పి తెలంగాణమునకును రాష్ట్రమృగములు. ఐనను కొందఱు రాత్రివేళ టార్చిలైటు వెలుఁగు లేడి కన్నులఁ బడవేసి తుపాకితో గొట్టుచున్నారు. కొందఱు పొలముల ప్రక్క కరెంటుతీఁగ లాగుచున్నారు. ఆ తీఁగకుఁ గన్నులు లేవు. తల్లియో పిల్లయో, లేడియో చిఱుతపులియో, తెల్లవాఱి చేనికిఁ బోవు మనుష్యుఁడో దానికిఁ దెలియదు. ఇది పూర్వుల వృత్తి యని చెప్పుకొను పిల్లవాఁడు మన యూళ్లలో నున్నచో, నీ పూర్వులు ఇట్టిది చేయలేదని వానికిఁ జెప్పవలసినవారము మనమే. పోలీసుల కంటె ముందు మనమే చెప్పవలయును.

మఱి యీ చూపునకు నేఁడు పని గలదా? కలదు. నాగార్జునసాగర్-శ్రీశైలము పులుల యభయారణ్యము 1983లో నేర్పడినది. 2014లో రాష్ట్రవిభజన జరిగినపిదప తెలంగాణమునఁ బడిన భాగము అమ్రాబాదు పులుల యభయారణ్యమైనది. అక్కడ చెంచు సోదరులు కావలివారుగాఁ బనిచేయుచు, జాడలు చూచి వార్త తెచ్చుచున్నారు. 2006 మొదలు నాలుగేండ్ల కొకమాఱు దేశమంతట పులుల లెక్క తీయుచున్నారు. పులి బ్రతుకునది లేళ్లపై గనుక, అందులో లేళ్ల లెక్కయుఁ గలదు. ఒక గీఁతవెంట నడచుచుఁ గనఁబడిన లేళ్లను, వాని పెంటికలను లెక్కింతురు. కెమెరాలును గట్టుదురు. కాని కెమెరాను ఏ చెట్టునకుఁ గట్టవలయునో కెమెరా చెప్పదు. ఆ త్రోవను మృగము వచ్చునని యెఱిఁగినవాఁడు చెప్పవలయును. మన తాతలు మాటు వేసిన చోటనే నేఁడు కెమెరా నిలుచుచున్నది.

కావున సభవారికి మూఁడు మనవులు చేయుచున్నాము.

మొదటిది. ప్రతి యూరిలోను డెబ్బదియేండ్లు దాఁటిన పెద్దలు కొందఱున్నారు. అడుగునకు, మాటునకు, గాలికి, మృగముల యఱపులకు వారు వాడు మాటలు ఏ నిఘంటువునందును సమగ్రముగా లేవు. ఒక్కొక్క పెద్ద పోవునప్పుడు ఆ మాటలును పోవుచున్నవి. కళాశాలలోఁ జదువుకొను పిల్లలు సెలవులలో ఇంటికి వచ్చినపుడు ఆ మాటలను వ్రాసికొనవలయును. సెల్‌ఫోనులో వారి గొంతును గూడఁ బట్టవలయును. ఉసిరికకును, ఇప్పపూవునకును, తేనెకును అడవికిఁ బోయిన ముసలితల్లులను మఱవరాదు. వారికి మగవా రెఱుఁగని జాడలు తెలియును. వచ్చిన మాటలను సరిచూచి కూర్చు పనిని మేము చేయుదుము. అచ్చువేయు వ్యయము పోషకులది.

రెండవది. ఏఁటి కొకనాఁడు ఆటవీశాఖవారి యనుమతితో పిల్లలను అడవియంచునకుఁ దీసికొనిపోయి జాడలు చూపవలయును. అడవి దూరమైన యూళ్లవారు చెఱువుగట్టు క్రింది బురదను చూపినను చాలును. కుక్క, మేఁక, నక్క, కొంగ, ముంగిస అక్కడ నిత్యము వ్రాయుచునే యున్నవి. చదువుట దానితోనే మొదలుపెట్టవచ్చును.

మూఁడవది. అటవీ బీటు అధికారుల యుద్యోగపరీక్షలకు మన పిల్లలను సిద్ధపఱచుటకు సంఘనిధినుండి కొంత కేటాయింపవలయును. ఆ పరీక్షలో పురుషులు నాలుగుగంటలలో 25 కిలోమీటర్లును, స్త్రీలు 16 కిలోమీటర్లును నడచి చూపవలయును. నడక మన పిల్లలకుఁ గొత్త కాదు. వ్రాఁతపరీక్షకే తోడు కావలయును.

తొమ్మిదవ శతాబ్దినాఁటి అద్దంకి శాసనమునఁ బండరంగఁడు పండ్రెండు బోయకొట్టములను గెలిచినట్లున్నది. మన సభలలో ఆ మాట తఱచుగా వినఁబడుచుండును. కొట్టములు పోయినవి, విల్లు పోయినది. వానిని తిరిగి తెచ్చుట యెవరి తరమును గాదు, తేవలసిన యవసరమును లేదు. కాని మన పిల్లవాఁ డొకఁడు వాఁగుప్రక్క వంగి చూచి, 'ఇది కణితి, రాత్రి పోయినది, వెంట పిల్ల యున్నది' అని చెప్పి, ఆ త్రోవను విడిచి ప్రక్కగా నడచినచో, మన పూర్వుల విద్య బ్రతికియున్నట్లే. ఆ వాక్యమును చెప్పఁగలవారు నేఁడు మనలో నెందఱున్నారో యింటికిఁ బోయి లెక్కింపుఁడు.