పల్లకి చుట్టునున్నవారు

కల్లూరు నుండి శ్రీరంగపట్టణము చేరి, టిప్పు సుల్తాను 1784లో పూర్తిచేయించిన దరియా దౌలత్ సౌధమును చూచితిమి. పడమటి గోడపై, 1780 సెప్టెంబరు 10న కంచి చెంత పొల్లిలూరులో జరిగిన యుద్ధము చిత్రితమై యున్నది. మైసూరు గుఱ్ఱములు ఇరువైపుల నుండి బారులు దీరి మీదబడుచున్నవి. మందుగుండు బండి ప్రేలుచున్నది. ఆంగ్ల సేనాని బెయిలీ పల్లకిలో వ్రేలు కొఱుకుచుండగా, టిప్పు గులాబి వాసన చూచుచున్నాడు.

విజయమును చాటుటకు వ్రాయించిన చిత్ర మిది. మా చూపు మాత్రము పల్లకి చుట్టు నిలిచిన సిపాయిలను విడువలేదు. బెయిలీ దళము గుంటూరు నుండి నడచి వచ్చినది. ఉత్తరాదిలో సిపాయిని ‘తిలంగా’ యని పిలిచిన కాలమది. అంత దూరము నడచి అచ్చట నేలకొరిగిన వారిలో తెలుగువా రెందరో! శ్రోతలారా, ఆ గోడను చూచునపుడు వారినిగూడ తలచుకొందము.