సిమెంటు బలమునకు మూడు మూలములు



జగ్గయ్యపేట చెంత ధనబోడు అను దిబ్బపై నున్న బౌద్ధ స్తూపమును 1882లో బర్జెస్ దొర పరిశోధించెను. ప్రాచీన శిల్పులు అచ్చట సున్నపురాతి పలకలపై బొమ్మలు మలచిరి. ఆ సీమలోని సున్నపురాయియే నేడు జయంతిపురము, ముక్త్యాల కర్మాగారములలో సిమెంటుగా మారుచున్నది. రాయి పొడియై, ఆ పొడి నీటితో మరల రాయి యగుచున్నది. ఆ రెండవ రాతికి బలము ఎచ్చటినుండి వచ్చును? ఇల్లు కట్టుకొను ప్రతి గృహస్థునకు తెలియదగిన విషయమిది.

మొదటిది కూర్పు. సున్నపురాతిని మట్టితోడను, ఇనుము గల ఖనిజముతోడను తగుపాళ్లలో నూరి, సుమారు 1450 సెంటీగ్రేడు డిగ్రీల వేడిలో కాల్చగా క్లింకరు అను గడ్డలు ఏర్పడును. అందలి ట్రైకాల్షియం సిలికేటు తొలి నెలలో బలము నిచ్చును. డైకాల్షియం సిలికేటు నెమ్మదిగా పనిచేసి నెలల తరబడి బలమును పెంచును. ట్రైకాల్షియం అల్యూమినేటు తొందరపాటు గలది. నీరు తగిలినంతనే బిగిసి వేడి పుట్టించును. దానిని అదుపు చేయుటకే క్లింకరుతో కొంచెము జిప్సము చేర్చి నూరుదురు.

రెండవది మెత్తదనము. డంగుసున్నము గానుగలో ఎంత నలిగిన అంత పట్టు గలదని పూర్వపు మేస్త్రీలు ఎరుగుదురు. సిమెంటు రేణువు చిన్నదైన కొలది నీరు తాకు వైశాల్యము హెచ్చును. కిలో సిమెంటులోని రేణువుల ఉపరితలము 225 చదరపు మీటర్లకు తగ్గరాదని భారత ప్రమాణము. అయినను మెత్తదనము తొలి దినముల బలమునే ముఖ్యముగా పెంచును. కడపటి బలమున అంత భేదము కలిగింపదు. మితిమీరినచో వేడియు బీటలును హెచ్చును. నిలువయున్న బస్తా త్వరగా చెమ్మ పీల్చును. మూడు నెలలు దాటిన సిమెంటును పరీక్షింపక వాడరాదు.

బస్తాపై నుండు 43, 53 అను అంకెలు, 28 దినములకు పరీక్షా దిమ్మ చదరపు మిల్లీమీటరునకు ఓర్వవలసిన న్యూటన్ల ఒత్తిడిని తెలుపును. పెద్ద అంకె గలదే ప్రతి పనికిని మేలనుట పొరపాటు. ఇబ్రహీంపట్నము వంటి విద్యుత్కేంద్రములందు మిగులు బొగ్గు బూడిదను కలిపిన పొజొలానా సిమెంటు మొదట మెల్లగా గట్టిపడును; చక్కగా తడిపినచో పిదప వెనుకబడదు.

మూడవది నీరు. మొదటి రెండును కర్మాగారము చేతిలోనివి. ఇది మేస్త్రీ చేతిలోను, గృహస్థు చేతిలోను ఉన్నది. కలుపుట సులువగునని నీరు అధికముగా పోసినచో, అది ఆరిన చోట సూక్ష్మరంధ్రములు మిగిలి కాంక్రీటు బలహీనమగును. పోసిన తరువాత తడుపకున్నను బలము పెరుగుట ఆగిపోవును. నందిగామ మెట్టలో ఎండలు కాయు వేళ సాధారణ సిమెంటు పనిని 10 దినములకు, పొజొలానా సిమెంటు పనిని 14 దినములకు తగ్గకుండ తడుపవలెను. కప్పు వేసిన వారము దినములకే నీటి కొరత యని తడుపు మానుట, కూలి కలిసివచ్చునని తొందరపడి సెంట్రింగు విప్పుట, ఆ కప్పు క్రింద నిద్రించు పిల్లల ప్రాణములతో చెలగాటము.

మంచి సిమెంటును వెలయిచ్చి కొనవచ్చును. దాని బలమును మాత్రము ఓపికతో, కుండెడు నీటితో, దినదినము సంపాదించుకొనవలెను.