కేసుకు కాలం ఎవరు పెడుతున్నారు?
(మండల రైతు మహాసభలో చేసిన ప్రసంగం)



ఓట్లు దగ్గర పడుతున్నాయంటే మన ఊరికి నాయకుడి కన్నా ముందు పోలీసు జీపు వస్తుంది. మన కార్యకర్తల పేర్లు రాసుకుని, బైండోవరుకు తహసీల్దారు ఆఫీసుకు రమ్మంటారు. మద్దతు ధర కోసం రోడ్డెక్కినప్పటి పాత కేసు అప్పుడే గుర్తొస్తుంది. నకిలీ విత్తనాల మీద మనం ఇచ్చిన ఫిర్యాదు మాత్రం ఎన్ని ఎన్నికలు పోయినా స్టేషన్లోనే పడి ఉంటుంది.

పెద్దవాళ్ల కేసుల్లోనూ ఇదే చూస్తున్నాం. ఢిల్లీ మద్యం కేసు 2022 ఆగస్టులో పెట్టారు. కవితను హైదరాబాదులో ఈడీ అరెస్టు చేసింది 2024 మార్చి 15న. మర్నాడే లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు వచ్చింది. 21న ముఖ్యమంత్రిగా ఉన్న కేజ్రీవాల్‌ను అరెస్టు చేశారు. ఇది కేంద్రం ఒక్కదాని పనే అనుకోవద్దు. స్కిల్ డెవలప్‌మెంటు కేసును ఆంధ్ర సిఐడి 2021 డిసెంబరులో నమోదు చేసింది. అందులో చంద్రబాబు అరెస్టు 2023 సెప్టెంబరు 9న, పోలింగుకు ఎనిమిది నెలల ముందు.

వీళ్లు తప్పు చేశారో లేదో తేల్చేది కోర్టు. మనం అడిగేది ఒక్కటే. అన్నాళ్లు ఆగిన చెయ్యి అప్పుడే ఎందుకు లేచింది? అరెస్టయ్యాక చార్జిషీటు వేయడానికి 60 రోజులో, 90 రోజులో గడువుంది. అది దాటితే బెయిలు హక్కవుతుంది. కేసు పెట్టిన నాటి నుంచి అరెస్టు దాకా అలాంటి గడువేమీ లేదు. ఆ సందులోనే రాజకీయం దూరుతోంది.

లఖింపూర్ ఖేరీ మరిచిపోగలమా? 2021 అక్టోబరు 3న వాహనాల కింద నలుగురు రైతులు, ఒక విలేకరి నలిగి చనిపోయారు. నిందితుడు అప్పటి కేంద్ర సహాయమంత్రి కొడుకు. సుప్రీంకోర్టు గట్టిగా అడిగాకే అరెస్టు జరిగింది. 2022 ఫిబ్రవరి 10న, యూపీ తొలి విడత పోలింగు నాడు, హైకోర్టు బెయిలిచ్చింది. దాన్ని రద్దు చేయమని సుప్రీంకోర్టుకు వెళ్లింది ప్రభుత్వం కాదు, బాధిత కుటుంబాలే. ఏప్రిల్ 18న అది రద్దయింది. తర్వాత మళ్లీ బెయిలు వచ్చింది. ఆ కుటుంబాలు ఇంకా కోర్టు చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి.

మన పార్టీవాణ్ణి పట్టుకుంటే కక్ష, ఎదుటి పార్టీవాణ్ణి పట్టుకుంటే న్యాయం అని మనలో మనమే కొట్లాడుకోవద్దు. ఎవరి కేసైనా మూడు ప్రశ్నలు అడుగుదాం. కేసు ఎప్పుడు పెట్టారు? అరెస్టు ఎప్పుడు చేశారు? చార్జిషీటు వేశారా? ఆలస్యమైతే కారణం రాతపూర్వకంగా కోర్టుకు చెప్పాలని డిమాండు చేద్దాం.

మన మీద ఉన్న కేసులు, మనం ఇచ్చిన ఫిర్యాదులు తేదీలతో సహా గ్రామ కమిటీలు రాసి పెట్టాలి. ఈసారి ఓట్లడగడానికి వచ్చినవాళ్ల ముందు ఆ కాగితం పెడదాం.