పెరటితోట – చిత్తస్వాస్థ్యము

 

పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదని మనవారిలో నొక సామెత కలదు. చేరువ నున్నదానిని చులకన చేయుట మానవస్వభావమని దాని తాత్పర్యము. సామెత నిందించినది చెట్టును గాదు, దానిని చూడనేరని కంటిని. ఇంటి వెనుక నాలుగు గజముల నేల యుండియు, దానిని ముండ్లపొదలకు విడిచిపెట్టి, మనస్సు బాగుండలేదని కుములువా రెందరో కలరు. ఆ నేలకును ఈ మనస్సునకును గల సంబంధమే నేటి ప్రసంగవిషయము.

మన పూర్వకవు లీ సంబంధము నెరుగుదురు. కాళిదాసుని శాకుంతలమున మొదటి యంకమునందు శకుంతల చెలికత్తెలతో గూడి ఆశ్రమవృక్షములకు నీరు పోయుచు కనబడును. నాలుగవ యంకమున ఆమె అత్తవారింటికి బయలుదేరునపుడు కణ్వమహర్షి ఆ చెట్లనే సెలవు వేడును. వానికి నీరు పోయక తాను నీరు త్రాగని పిల్ల పోవుచున్నదని చెప్పును. తెనుగున శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు శ్రీవిల్లిపుత్తూరున తోట పెంచి స్వామికి మాలికలు కట్టినవాడు. మధురలో పాండ్యరాజు సభయందు వాదమున గెలిచి, ఘనసత్కారము పొందియు, మరల తన మాలికల సేవకే వచ్చెను. తులసీవనముననే గోదాదేవి ఆయనకు లభించినది. గెలుపు తలకెక్కకుండ నిలుపుటకు తోటపని యెట్టి యాలంబనమో ఈ కథవలన గ్రహింపవచ్చును.

గెలిచినవాని మాట యట్లుండ, ఓడినవాని మాట యేమి? గ్రామములలో నేడు తరచుగా కనబడు నొక స్థితి నాలోచింపుడు. కుమారుడు హైదరాబాదుననో బెంగుళూరుననో ఉద్యోగి. కుమార్తె అత్తవారింట నున్నది. ఇల్లాలు కాలము చేసినది. 60 ఏండ్లు దాటిన గృహస్థుడు ఒంటరిగా మిగిలెను. తెల్లవారుజామున 3 గంటలకే మెలకువ వచ్చును; లేచి చేయవలసినదేమియు లేదు, లేచితివా యని యడుగువారును లేరు. అట్టివాని పెరటిలో ఇల్లాలు నాటిన మల్లెపొద యొకటి యెండుచున్నదనుకొనుడు. ఒకనా డొక చెంబెడు నీరు పోయును. మరునాడు పోయకున్న నది వాడును. ఆ వాడుటయే యాతనిని పిలుచు పిలుపు. తన కొరకు లేవనివాడు మొక్క కొరకు లేచును. వేసవిలో మల్లె పూచినపుడు, తురుముకొనునది లేదని కన్నీరు వచ్చునేమో, రానిండు. ఇరుగింటి పిల్లకు దోసెడు పూలిచ్చి వచ్చిననాడు ఆతడు నలుగురిలో నొక మాట మాటాడినవాడగును. దుఃఖము పోదు. దాని ప్రక్క నొక పని వచ్చి కూర్చుండును.

దేహమునకు గలుగు మేలు వేరుగ జెప్పనక్కరలేదు. పెద్దలు వారమునకు కనీసము 150 నిమిషములు ఒక మోస్తరు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. దినమునకు 20 నిమిషములపై చిలుకు; త్రవ్వుట, కలుపు తీయుట, నీరు మోయుట చాలును.

ఆరంభము చిన్నదిగా నుండవలెను. తోటకూర చల్లిన నెలదినములకే కోతకు వచ్చును. బచ్చలితీగ ముక్కయు మునగకొమ్మయు నాటిన చాలును, విత్తనమక్కరలేదు. బీర, సొర, పొట్ల తొలకరికి విత్తి పందిరి వేయవలెను. పొట్లకాయ వంకర పోకుండ కొసను చిన్నరాయి కట్టుట మన తల్లు లెరిగిన విద్యయే. ఆకులకు పేను పట్టినచో బూడిద చల్లుదురు. పురుగు పట్టినచో లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడి చొప్పున రాత్రి నానవేసి, వడగట్టి, కొంచెము సబ్బునీరు కలిపి సాయంకాలమున చల్లవలెను. మట్టిలో గాయమైనచో శుభ్రముగ కడిగి, ధనుర్వాతపు టీకా విషయము వైద్యు నడుగుట మరువరాదు. పెరడు లేనివారికి పాతకుండయు, డాబా మీది యెండయు చాలును.

పెరటి పద్దులో ఖర్చు ముందు, జమ వెనుక. నెలల తరబడి నీరు పోసిన పందిరిని కోతులమంద యొక్క పూటలో కూల్చవచ్చును. పందికొక్కు ఒక్క రాత్రిలో పాదు త్రవ్వవచ్చును. మరల విత్తుట నేర్చినవానికి బ్రతుకున తగులు దెబ్బలును కొంత తేలిక యగును.

అయితే తోటపని సర్వరోగనివారిణి యని యెవ్వరును భ్రమపడరాదు. నిద్రాహారములు మాని, బ్రతుకు మీద విరక్తి పుట్టినవానిని మొక్కలు చూచుకొమ్మని విడిచిపెట్టుట పాపము. అట్టివానిని వైద్యునికడకు గొనిపోవలెను. అయినవారు ప్రక్కన కూర్చుండవలెను.

తుదకు ఈ రజతోత్సవ సమయమున నొక విన్నపము. పుస్తకముల బీరువా ప్రక్కన నొక విత్తనముల పెట్టె యుంచినచో బాగుండును. పందిరిమీద ముదిరి యెండిన బీరకాయ యొక్కటి పది యిండ్లకు చాలును. పుస్తకమును కొనిపోయినవారు దానినే మరల తెత్తురు. విత్తనమును కొనిపోయినవారు పంటకు రెట్టింపు తెచ్చి యీయగలరు. ఆ పెట్టె కొరకైనను, ఇల్లు కదలని వృద్ధు డొకడు గ్రంథాలయపు మెట్లెక్కినచో, ఈ ప్రసంగమునకు ఫలము దక్కినట్లే.