గాజు పెట్టెలోని విడుదల పత్రము

(రేడియో ప్రసంగ పాఠము. వాక్యభాగము: యిర్మీయా 34:8–22)

 నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ప్రాంతాలలో తోటల మధ్య కూర్చొని వింటున్న వారికి, ఈ ఏటి పూత నిలుస్తుందో లేదోనని మబ్బు వైపు చూస్తున్న రైతు సహోదరులకు ప్రత్యేక వందనములు.

ఈ వారము గణతంత్ర దినోత్సవము. జెండా ఎగురవేస్తాము, పిల్లలకు బిళ్ళలు పంచుతాము. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన ఆ రాజ్యాంగము అసలు ప్రతి ఎక్కడ ఉన్నదో మనలో ఎందరికి తెలుసు? అది ఢిల్లీలో పార్లమెంటు గ్రంథాలయములో ఉన్నది. అచ్చు వేసినది కాదు, చేతితో వ్రాసినది. ఇంగ్లీషు ప్రతిని ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా అనే లేఖకుడు నెలల తరబడి కూర్చొని వ్రాశాడు. ప్రతిఫలము ఎంత కావాలంటే, డబ్బు వద్దు, ప్రతి పేజీలో నా పేరు, చివరి పేజీలో మా తాతగారి పేరు వ్రాసుకోనివ్వండి చాలన్నాడట. శాంతినికేతన్‌కు చెందిన నందలాల్ బోస్, ఆయన శిష్యులు బొమ్మలతో అలంకరించారు. 1950 జనవరి 24న రాజ్యాంగ సభ సభ్యులు దానిమీద సంతకాలు చేశారు. ఆ సభలో రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి గారున్నారు, మన బందరు పట్టాభి సీతారామయ్య గారున్నారు. సభకు ఉపాధ్యక్షుడైన హరేంద్ర కుమార్ ముఖర్జీ బెంగాలు క్రైస్తవుడు. ఈ సంగతి మన సండే స్కూలు పిల్లలకు చెప్పవలసినది.

ఆ గ్రంథమును మొదట్లో ఫ్లానెల్ గుడ్డలో చుట్టి, కలరా ఉండలు వేసి దాచారట. మన ఇళ్ళల్లో పెళ్ళి పట్టుచీర దాచినట్టే! తరువాత 1994లో గాలి చొరబడని గాజు పెట్టె చేయించి, లోపలి ప్రాణవాయువును తీసివేసి అందులో ఉంచారు. చూడ వెళ్ళినవారు అద్దము ఇవతల నిలిచి చూడవలసినదే, పేజీ తిప్పడానికి వీలు లేదు. పాత పత్రమునకు ఆ కాపుదల అవసరమే, తప్పు పట్టనక్కరలేదు. అయితే ఆ పెట్టెలోని పుటలలో 17వ అధికరణము అంటరానితనమును రద్దు చేసినది. 23వ అధికరణము వెట్టిచాకిరిని నిషేధించినది. ఈ మాటలు గాలి తగలకుండా ఉండవలసినవి కావు. ఊళ్ళలో తిరగవలసినవి.

ప్రియులారా, విడుదల పత్రము వ్రాసి సంతకము చేసిన జనము బైబిలులో ఒకటి ఉన్నది. యిర్మీయా 34వ అధ్యాయము తెరవండి. బబులోను రాజు సైన్యము యెరూషలేమును చుట్టుముట్టినది. యూదాలో లాకీషు, అజేకా అను రెండు కోటలు తప్ప మిగిలినవన్నీ పడిపోయినవి. ప్రాణము మీదికి వచ్చినప్పుడు ధర్మశాస్త్రము గుర్తుకు వచ్చినది. హెబ్రీ దాసుని ఆరేండ్లకు మించి ఉంచుకొనరాదని దేవుడు ఎన్నడో చెప్పియుండెను గదా. సిద్కియా రాజు ప్రజలతో నిబంధన చేసి విడుదల చాటించాడు. మందిరములో, దేవుని యెదుట, దూడను రెండుగా కోసి ఆ ఖండముల మధ్య నడిచారు. మాట తప్పితే మా గతి ఈ దూడ గతియే అని దాని అర్థము. మన కాలపు సంతకము కంటె అది ఎంతో భయంకరమైన సంతకము! అధిపతులు, యాజకులు, సామాన్యులు అందరూ నడిచారు. దాసులు ఇళ్ళకు వెళ్ళిపోయారు.

అంతలో ఐగుప్తు సైన్యము బయలుదేరినదని వార్త వచ్చినది. బబులోనువారు ముట్టడి వదలి వెనుకకు వెళ్ళారు (37వ అధ్యాయము చూడండి). అపాయము తప్పినదని అనుకొన్నారు. పొలములో పని ఉన్నది, ఇంట్లో పని ఉన్నది, చేసేవారు లేరు. వెళ్ళి, విడిచిపెట్టినవారిని మరల పట్టుకొని వచ్చారు.

ఒక్కసారి ఆ దాసి స్థానములో నిలిచి ఆలోచించండి. కొన్ని దినాలు తన గుమ్మములో తాను కూర్చున్నది. తన పొయ్యి మీద తాను వండుకొన్నది. పాత యజమాని వీధి మలుపులో కనబడ్డాడు. క్షేమసమాచారము అడగడానికి వచ్చాడేమో అనుకొని ఉండవచ్చు.

దేవుడు దీనిని చిన్న సంగతిగా తీసుకొనలేదు. మీరు నా నామమును అపవిత్రపరచితిరి అనే భావముతో ప్రవక్త ద్వారా పలికాడు. మందిరములో అపవిత్రత జరిగినదని కాదు, పనిమనిషి ఇంటి ముందు జరిగినదని!

ఇది మన తోటల దాకా వస్తుంది. పిందె పట్టిన దగ్గర నుండి కోత దాకా కావలి గుడిసెలలో ఉండే కుటుంబాలు, చిక్కం కర్రలు పట్టుకొని కాయ కోసేవారు, బుట్టలు మోసేవారు ఉన్నారు. కొందరు అడ్వాన్సు తీసుకొని వస్తారు. అడ్వాన్సు ఇవ్వడం పాపమని నేను చెప్పను. అవసరములో ఇచ్చిన పది వేలు ఒక బిడ్డ వైద్యమునకు పనికి వచ్చి ఉంటుంది. కానీ లెక్క చూపకుండా వడ్డీ మీద వడ్డీ వేసి, అప్పు తీరేదాకా ఊరికి పోవద్దు, వేరే తోటకు పోవద్దు అన్నప్పుడు దానికి చట్టములో వేరే పేరున్నది. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టము ప్రకారము అటువంటి అప్పు రద్దు. దాని క్రింద చెల్లింపు పుచ్చుకోవడమే నేరము. వెట్టి చేయించినవారికి మూడేండ్ల వరకు జైలు. ఢిల్లీ ఏషియన్ క్రీడల కట్టడాల కూలీల కేసులో సుప్రీంకోర్టు 1982లో ఇంకొక మాట చెప్పినది. గతిలేక కనీస వేతనము కంటె తక్కువకు పనిచేసినా అది 23వ అధికరణము క్రింద బలవంతపు చాకిరియే. ప్రభుత్వమునకే కాదు, తోట యజమానికీ, గుత్తదారునికీ అది వర్తిస్తుంది.

ఆ గుత్తదారుడు ఆదివారము మన ప్రక్కనే కూర్చొని పాటలు పాడుతూ ఉండవచ్చు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందుకొంటూ ఉండవచ్చు. సంఘ పెద్దయై యుండవచ్చు. కానుక పెద్దదని కాపరులమైన మేము ఈ అధ్యాయము చదవకుండా దాటిపోతే, ఆ దూడ ఖండముల మధ్య మేమూ నడిచినవారమే.

ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయములో మరియొక ఆజ్ఞ ఉన్నది. దాసుని విడిచిపెట్టునప్పుడు వట్టి చేతులతో పంపకూడదు. మందలో నుండి, కళ్ళములో నుండి, ద్రాక్షగానుగలో నుండి ధారాళముగా ఇవ్వాలి. మన ప్రాంతమునకు అన్వయించితే, కోత అయి వెళ్ళే కుటుంబమునకు లెక్క పూర్తిగా తీర్చి, పైన రెండు బుట్టల రసాలు. రాలినవి, మచ్చ పడినవి కాదండి, మంచివి.

నజరేతు సమాజమందిరములో మన ప్రభువు చెరలోనున్నవారి విడుదలను గూర్చి చదివాడు. చదివి, గ్రంథము చుట్టి పరిచారకునికి ఇచ్చివేశాడు. గ్రంథము దాని చోటికి పోయినది. ఆయన కపెర్నహూముకు వెళ్ళి, అపవిత్రాత్మ పట్టిన మనుష్యుని విడిపించాడు. ఈ రెండు సంగతులు లూకా 4లో వెంటవెంటనే ఉన్నవి.

ఈ రాత్రి యిర్మీయా 34 మీ ఇంటిలో బిగ్గరగా చదవండి. తోట గుత్తకు తీసుకొన్నవారు లెక్కల పుస్తకము కూడా ప్రక్కన పెట్టుకొని చదవండి. అప్పు పేరు మీద ఎవరినైనా కదలనివ్వడం లేదని మీకు తెలిస్తే, నూజివీడు సబ్ కలెక్టరు గారి కార్యాలయములో చెప్పవచ్చును. ఒంటరిగా వెళ్ళడానికి భయమైతే మీ సంఘ కాపరిని వెంట తీసుకొని వెళ్ళండి. ఆయన రాకపోతే మరొక కాపరిని అడగండి.

ప్రార్థించుకుందాము. తండ్రీ, తోటలలో పూతను కాపాడుము. కావలి గుడిసెలలో ఈ చలిలో పండుకొన్న బిడ్డలను కాపాడుము. మా చేతిలో ఎవరి పేరుమీదనైనా చెల్లని కాగితము ఉంటే, కోతకు ముందే దానిని చింపివేయు ధైర్యము మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.